నలుగురితో నారాయణ, రెండొందల కిలోమీటర్లు

13 గంటల 30 నిమిషాలు. 200 కిలోమీటర్ల బ్రెవె అనే దూరపు సైకిల్ సవారీని పూర్తి చేయడానికి సైకిలిస్టుకు ఇచ్చే గడువు ఇది. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో ముగించినవారిని సూపర్ రాండొనర్ అంటారు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిజియన్ 1921లో మొదలుపెట్టిన ఈ రాండొనర్ పద్ధతి ఇప్పుడు ఖండాలు దాటింది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ ఆధ్వర్యంలో నగరాల క్లబ్బులు వీటిని నడుపుతాయి. హైదరాబాద్ రాండొనర్స్ అందులో ఒకటి. షరతులు కొద్దివే. దారిలో ఉన్న కంట్రోల్ పాయింట్లకు గడువులోగా చేరాలి, పంక్చరయితే ఎవరి ట్యూబు వాళ్ళే మార్చుకోవాలి, వెంట సహాయక వాహనం తిరగకూడదు, చీకటి పడితే ముందూ వెనకా దీపాలు వెలగాలి.

ఇక లెక్క చూడండి. 200ను 13.5తో భాగిస్తే గంటకు 14.8 కిలోమీటర్లు. తొక్కినంతసేపూ గంటకు 20 చొప్పున నిలకడగా పోగలిగితే 10 గంటల్లో దూరం అయిపోతుంది. టిఫినుకూ, భోజనానికీ, చెట్టు కింద కాసేపు నడుం వాల్చడానికీ మూడున్నర గంటలు మిగులుతాయి. రెండొందలు అనగానే గుండె జారిపోయేవాళ్ళు ఈ భాగహారం చేసి ఉండరు. ఇక్కడ కష్టం వేగంలో లేదు. పది గంటలు మొరాయించని కాళ్ళు, అంతసేపూ తిండిని అరిగించుకోగల కడుపు, అంతసేపు సీటు మీద కూర్చోగల ఒళ్ళు తయారుచేసుకోవడంలో ఉంది. ఈ అధ్యాయం ఆ తయారీ గురించి. అందులో స్నేహితులు చేసే మేలు గురించీ, దానికి తీసిపోని కీడు గురించీ.

నలుగురిని ఊహించుకుందాం. వీళ్ళు ఫలానా అని చెప్పదగ్గ మనుషులు కారు. కానీ ఏ ఆదివారం తెల్లవారుజామునైనా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ దగ్గర నిలబడితే ఇలాంటి జట్లు కనబడతాయి. 52 ఏళ్ళ బ్యాంకు మేనేజరు, రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. 45 ఏళ్ళ లెక్కల టీచరు, డిగ్రీలో కబడ్డీ ఆడారు, తర్వాత ఆట అన్నదే లేదు. 41 ఏళ్ళ మందుల షాపు యజమాని, పొద్దున్నే షాపు తెరవాలి కాబట్టి ఆదివారాలు తప్ప దొరకరు. నాలుగో అతను 33 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జట్టులో అందరికన్నా ఖరీదైన సైకిలు ఇతనిది. ఇప్పటికి నలుగురూ 30 కిలోమీటర్లు తొక్కితే మధ్యాహ్నం దాకా నిద్రపోయే స్థితిలో ఉన్నారు. బ్రెవెకు నాలుగు నెలలు ఉంది. మేనేజరు గారికి ఒకటే అనుమానం: యాభై దాటాక ఒంటికి కొత్తగా ఏం చేతనవుతుంది?

దీనికి సైన్సు దగ్గర ముచ్చటైన జవాబుంది. 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులు ఐదుగురిని 20 రోజుల పాటు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టారు. ఒళ్ళు ఎంత గట్టిగా శ్రమిస్తే అంత ఆక్సిజన్ వాడుకుంటుంది, కానీ ఆ వాడకానికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. ఆ హద్దునే వీఓ2 మ్యాక్స్ అంటారు. ఇరవై రోజులకే ఆ కుర్రాళ్ళ వీఓ2 మ్యాక్స్ పావు వంతుకు పైగా పడిపోయింది. ఆ తర్వాత కసరత్తు చేయించి మళ్ళీ పెంచారు. కథ అక్కడితో అయిపోయి ఉంటే అదొక మామూలు ప్రయోగమే.

కానీ 30 ఏళ్ళ తర్వాత అదే ఐదుగురినీ వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. అప్పటికి వాళ్ళు యాభైల్లో ఉన్నారు. సగటు బరువు పావు వంతు పెరిగింది, ఒంట్లో కొవ్వు శాతం రెట్టింపయింది. అయినా 30 ఏళ్ళ వయసు వాళ్ళ వీఓ2 మ్యాక్స్‌కు చేసిన నష్టం, ఇరవయ్యో ఏట 20 రోజుల మంచం చేసిన నష్టం కన్నా తక్కువే! తర్వాత ఆరు నెలల పాటు నడక, నెమ్మది పరుగు, సైకిలు. భారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. ఆరు నెలలు ముగిసేసరికి ఐదుగురి సగటు వీఓ2 మ్యాక్స్ 1966లో మంచమెక్కక ముందు ఎంత ఉందో అక్కడికి చేరింది. వయసు తీసుకుపోయినదంతా తిరిగొచ్చిందన్నమాట. అయితే కుర్రతనంలో కసరత్తు తర్వాత అందుకున్న శిఖరాన్ని మాత్రం ఎవరూ మళ్ళీ అందుకోలేదు. మేనేజరు గారికి ఈ రెండు సంగతులూ కలిపే చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే మోసం.

ఆ ఐదుగురిలో ఏది బాగుపడిందన్నది ఇంకా ఆసక్తికరం. గుండె నిమిషానికి పంపగల రక్తం చెప్పుకోదగ్గంత పెరగలేదు. వచ్చిన రక్తంలోంచి ఆక్సిజన్‌ను పిండుకునే సామర్థ్యం కండరాల్లో పెరిగింది. అలా పిండుకోవడం ఎక్కడ జరుగుతుందో 1967లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఎలుకలను 12 వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద, సమయం పెంచుకుంటూ రోజుకు రెండు గంటల దాకా పరిగెత్తించాడు. వాటి కాలి కండరాల మైటోకాండ్రియాలో శక్తిని పుట్టించే ఎంజైములు సుమారు రెట్టింపయ్యాయి. అంతకు ముందు శిక్షణ అంటే గుండె, ఊపిరితిత్తులు గట్టిపడటమే అనుకునేవారు. అసలు పని కండర కణం లోపల, కంటికి కనిపించని చోట జరుగుతోందని తేలింది. నలుగురు మిత్రుల తొడల్లో రాబోయే నాలుగు నెలలూ జరగబోయేది ఇదే.

ఒంట్లో అన్నీ ఒకే తీరున మారవు, చాలామంది దెబ్బతినేది ఇది తెలియకే. రక్తంలో ప్లాస్మా మొదటి ఒకటి రెండు వారాల్లోనే పెరుగుతుంది, అందుకే పదిహేను రోజులకే "అబ్బ, ఊపిరి తేలికైంది" అనిపిస్తుంది. మైటోకాండ్రియా పెరగడానికి వారాలు పడుతుంది. మోకాలి చుట్టూ ఉండే స్నాయుబంధాలు గట్టిపడటానికి నెలలు. ఊపిరి సిద్ధమై మోకాలు సిద్ధం కాని ఆ మధ్యకాలంలోనే కొత్త సైకిలిస్టులు ఆర్థోపెడిక్ డాక్టరు గుమ్మం ఎక్కుతారు. సీటు ఎత్తు సరిచూసుకోవడం ఇక్కడ సగం మందు. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు పూర్తిగా చాపుకుపోకుండా 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. ఇరుగు పొరుగున చాలామంది సీటు మరీ కిందికి దించుకుని తొక్కుతుంటారు. రోడ్డు మీద కాలు ఆనడానికి సుఖం, మోకాలి చిప్పకు నరకం.

మరి ఎంత గట్టిగా తొక్కాలి? ఈ ప్రశ్నకు ఫ్రాన్సులో ఒక శతాధిక వృద్ధుడి శరీరం జవాబు చెప్పింది. రొబెర్ మార్షాన్ 1911లో పుట్టాడు. బతుకుతెరువుకు రకరకాల పనులు చేసి, 67వ ఏట మళ్ళీ సైకిలెక్కాడు. నూరేళ్ళు నిండాక 2012లో గంట రికార్డుకు ప్రయత్నించి 24.25 కిలోమీటర్లు తొక్కాడు. ఆ తర్వాత శరీరధర్మ శాస్త్రవేత్త వెరోనిక్ బియ్యా అతనికి శిక్షణ పద్ధతి రాసిచ్చింది. ఏడాదికి సుమారు 5,000 కిలోమీటర్లు. అందులో 80 శాతం తేలికగా, 20 శాతం కష్టంగా. ఎంత తేలిక, ఎంత కష్టం అన్నది గుండె మీటరుతో కాదు, ఒంటికి తోచిన శ్రమకు అంకె వేయడంతో తేల్చారు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన ఆ కొలబద్ద 6 నుంచి 20 దాకా ఉంటుంది. తేలిక రోజుల్లో 12 దాటకూడదు, కష్టపు రోజుల్లో 15కు తగ్గకూడదు. రెండేళ్ళలో మార్షాన్ వీఓ2 మ్యాక్స్ 31 నుంచి 35కు, అంటే 13 శాతం పెరిగింది. 2014లో, 102 ఏళ్ళ వయసులో, అదే గంటలో 26.92 కిలోమీటర్లు తొక్కాడు. నూట ఒకటో ఏట పెరిగేది నలభై ఒకటో ఏట పెరగదా?

ఇందులో అందరూ మర్చిపోయే అంకె 80. పనివేళల మధ్య దొరికిన గంటను వృథా చేయకూడదని ప్రతి రోజూ ఆయాసపడేలా తొక్కడం మనవాళ్ళకు బాగా అలవాటు. దానివల్ల తేలిక రోజులు మరీ కష్టమవుతాయి, కష్టపు రోజున కష్టపడటానికి ఓపిక మిగలదు. తేలిక అంటే ఏమిటో తెలియడానికి పరికరం అక్కర్లేదు. పక్కన తొక్కే మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది తేలిక. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే కాదు. ఇక్కడ స్నేహితులు పనికొస్తారు, అదీ శాస్త్రీయంగా! ఒంటరిగా వెళ్ళినవాడికి ఈ పరీక్ష చేసుకునే వీలు లేదు. ఫోన్‌లో మాట్లాడుతూ తొక్కేవాళ్ళ ఊసు ఎత్తకుండా ఉంటేనే మంచిది.

కానీ మాటలు ఎంతసేపు సాగుతాయి? శంకర్‌పల్లి దారిలో మెరక రాగానే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ముందుకు దూకుతాడు. "తమ్ముడూ, ఆగు" అంటూనే మందుల షాపు ఆయన వెంటపడతారు. టీచరు పళ్ళు బిగిస్తారు. మేనేజరు గారు బీపీ మాట మర్చిపోతారు. తేలిక రోజు అక్కడితో సరి.

ఈ ముచ్చట సైకిలంత పాతదే. 1898లో ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు అమెరికా సైకిల్ పందేల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. గడియారంతో ఒంటరిగా పోటీపడినవారి కన్నా, ముందు ఎవరో పేస్ ఇస్తుంటే తొక్కినవారూ, పక్కన ప్రత్యర్థి ఉన్నవారూ బాగా వేగంగా వెళ్ళారు. ఎందుకు? గాలి నుంచి చాటు దొరకడం మొదలుకొని, ఎంత వేగంగా పోవాలన్న ఆలోచన భారం ముందువాడి మీద పడటం దాకా రకరకాల కారణాలు అతను ఏకరువు పెట్టాడు. తర్వాత పిల్లల చేత చేపల గాలం చక్రాలు తిప్పించి, తోటివారు పక్కన ఉండటమే కొందరిని ఉరకలెత్తిస్తుందని, ఇంకొందరిని తడబడేలా చేస్తుందని గమనించాడు. సామాజిక మనస్తత్వ శాస్త్రంలో మొట్టమొదటి ప్రయోగాల్లో ఒకటిగా దీన్ని ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో చెబుతారు. ఆ రెండో గుంపును, తడబడినవారిని, మాత్రం ఎక్కువమంది వదిలేస్తారు.

ట్రిప్లెట్ చెప్పిన గాలి సంగతి లెక్కల టీచరుకు అప్పజెబితే కాగితం మీద తేల్చేస్తారు. మామూలు ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి, చదునైన రోడ్డు, గాలి లేని పొద్దు. గంటకు 20 కిలోమీటర్ల వేగానికి సుమారు 70 వాట్ల శక్తి చాలు. 30కి వెళ్ళాలంటే సుమారు 180 వాట్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లే, శ్రమ రెండున్నర రెట్లు. గాలిని చీల్చుకుపోవడానికయ్యే శక్తి వేగానికి ఘనంలో పెరగడమే కారణం. అదే 20 వేగంతో 200 కిలోమీటర్లకు కావలసిన మొత్తం యాంత్రిక శక్తి 0.7 యూనిట్లు. అవును, కరెంటు బిల్లులోని యూనిట్లే. హైదరాబాద్ నుంచి కర్నూలుకు దరిదాపుగా ఉన్నంత దూరం, ఒక యూనిట్ కన్నా తక్కువలో! మెరకలూ ఎదురుగాలీ కలిస్తే ఇంకాస్త పెరుగుతుంది.

ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకున్నవారికి వేగంగా పోయేటప్పుడు సుమారు మూడో వంతు శ్రమ ఆదా అవుతుంది. 20 వేగంలో అంత ఉండదు కానీ, మధ్యాహ్నం ఎదురుగాలి లేచాక ఇది ప్రాణం పోస్తుంది. ఐదేసి నిమిషాలకు ఒకరు ముందుకొచ్చి గాలి కాచుకోవడం బ్రెవె తొక్కేవారిలో ఆనవాయితీ. అయితే ముందు చక్రానికి అతుక్కుపోవడం సాధన లేనివారికి ప్రమాదం. ముందువాడు గుంత చూసి బ్రేకు నొక్కితే వెనకవాడు నేల మీదుంటాడు. గుంత కనబడగానే చెయ్యి కిందికి చాపి చూపించడం, "గుంత!" అని అరవడం మొదటి వారంలోనే నేర్చుకోవాలి. మన రోడ్ల మీద ఇది వీఓ2 మ్యాక్స్ కన్నా ముఖ్యం.

తోటివారి వల్ల వచ్చే పట్టుదలకు ఇంకో ఆధారం బెర్లిన్‌లో దొరికింది. 1920లలో ఓటో కోలర్ అనే పరిశోధకుడు అక్కడి పడవ పందేల క్లబ్బు సభ్యులతో బరువులెత్తించాడు. ఒంటరిగా ఎత్తినప్పటికన్నా, ఇద్దరూ కలిసి ఒకే బరువు మోస్తూ ఒకరు వదిలేస్తే ఇద్దరి పనీ ఆగిపోయేట్టు ఏర్పాటు చేసినప్పుడు, బలహీనుడు తన మామూలు హద్దు దాటి నిలబడ్డాడు. ఇద్దరి బలాల మధ్య తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడే ఇది బాగా పనిచేసింది. తేడా మరీ ఎక్కువైతే బలహీనుడు ఆశ వదులుకున్నాడు. అమెరికాలో 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో 58 మంది స్త్రీలను వ్యాయామ సైకిళ్ళ మీద తొక్కించారు. తెరపై తమకన్నా కొంచెం బాగా తొక్కే తోడు కనిపించినవారు ఒంటరిగా తొక్కినవారి కన్నా సుమారు రెట్టింపు సేపు తొక్కారు. ఆ తోడు నిజానికి ముందే తీసిన వీడియో! తోడుకు ప్రాణం లేకపోయినా మనిషి పరువు కోసం తొక్కుతాడు.

కాబట్టి నలుగురితో నారాయణ అనడం మంచిదా కాదా? రచయిత తీర్పు ఇది: తెల్లవారుజామున నాలుగున్నరకు పక్క దిగడానికి మంచిది. గుంపు గేటు ముందు నిలబడి బెల్లు కొడుతుంటే దుప్పటి ముసుగేసుకోవడం కష్టం. వానలో, ఎదురుగాలిలో, 160వ కిలోమీటరు దగ్గర మంచిది. వేగం నిర్ణయించడానికి మాత్రం పనికిరాదు. శిక్షణలో గుంపు వేగం అంటే ఆచరణలో అందరికన్నా కుర్రవాడి వేగం. దానితో కుర్రవాడికి తేలిక రోజు, మేనేజరుకు అదే రోజు పరీక్ష. వారంలో రెండు రోజులు ఎవరి దారిన వారు తొక్కి, ఆదివారం దూరపు సవారీలో అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారిని ముందు పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. బ్రెవె నియమాలు కూడా ఈ మాటనే సమర్థిస్తాయి. ఫలితాల్లో ర్యాంకులుండవు. ఎనిమిది గంటల్లో వచ్చినవారికీ, గడువుకు నిమిషం ముందు వచ్చినవారికీ దక్కే గుర్తింపు ఒకటే.

గుంపు నిజంగా ఒకే శరీరంలా పనిచేసిన ఉదాహరణలూ లేకపోలేదు. నాసిక్‌కు చెందిన డాక్టర్లు హితేంద్ర, మహేంద్ర మహాజన్ అన్నదమ్ములు 2015లో రేస్ అక్రాస్ అమెరికాను ఇద్దరు సభ్యుల జట్టుగా తొమ్మిది రోజుల లోపు పూర్తి చేశారు. పశ్చిమ తీరం నుంచి తూర్పు తీరానికి, సుమారు 4,800 కిలోమీటర్లు. ఒకరు తొక్కుతుంటే ఒకరు విశ్రాంతి. ఆ పందెం ముగించిన తొలి భారతీయులు వాళ్ళే. ఇద్దరికీ బతుకుతెరువు వైద్యం, సైకిలు కాదు.

దూరం సంగతి త్వరగా చెప్పుకుందాం. మొదటి ఆదివారం 40 కిలోమీటర్లు, తర్వాత 50, 60. నాలుగో వారం తగ్గింపు. మళ్ళీ 70, 80, 90, మళ్ళీ తగ్గింపు. బ్రెవెకు మూడు వారాల ముందు ఒకసారి 130 దగ్గరికి చేరితే చాలు, 200 ముందే తొక్కి చూడాల్సిన పని లేదు. అనంతగిరి కొండలు అప్పుడప్పుడూ చూసి రావాలి, ఎక్కడానికి కాళ్ళకూ, దిగడానికి బ్రేకులకూ.

తిండి దగ్గర మాత్రం ఆగి మాట్లాడుకోవాలి. 200 కిలోమీటర్లు పూర్తి కాకుండా ఆగిపోయేవారిలో చాలామందిని ఆపేది కాళ్ళు కాదు, కడుపు.

1966లో స్వీడన్‌కు చెందిన యోనాస్ బెరిస్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు ఒకే వ్యాయామ సైకిలుకు చెరో పక్కా కూర్చున్నారు. ఒకరు కుడి కాలితో, ఇంకొకరు ఎడమ కాలితో తొక్కారు. చెరో కాలు ఊరికే ఉండిపోయింది. కాళ్ళు అరిగిపోయేదాకా తొక్కి, తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలు దండిగా తిని, సూదితో తమ తొడ కండరాల్లోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించుకున్నారు. పిండి పదార్థం కండరంలో దాగే రూపం గ్లైకోజెన్. తొక్కిన కాలిలో అది విశ్రాంతి తీసుకున్న కాలిలో కన్నా సుమారు రెట్టింపు చేరింది. ఇద్దరు మిత్రులు, ఒక సైకిలు, రెండు కాళ్ళు. ఓర్పు క్రీడల ఆహార శాస్త్రానికి పునాదుల్లో ఈ పరీక్ష ఒకటి. ఖాళీ అయిన కండరమే మళ్ళీ ఎక్కువగా నింపుకుంటుందని, పనిచేసిన కండరమే ఆ పని చేస్తుందని దీనితో తెలిసింది.

అయితే ఎంత నింపుకున్నా కొలత ఉంది. కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో ఇంకో 100. అన్నీ కలిపి 2,000 కేలరీల పైచిలుకు. 200 కిలోమీటర్లకు నెమ్మదిగా తొక్కినా 2,500 నుంచి 3,000 కేలరీలు ఖర్చవుతాయి. ఒక్క కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలున్నాయి కాబట్టి మేనేజరు గారికి సరుకు కొరత లేదు. కానీ కొవ్వు నెమ్మదిగా కాలుతుంది. తేలికగా తొక్కితే ఖర్చులో దాని వాటా ఎక్కువ. వేగం పెంచి ఆయాసపడితే ఒళ్ళు గ్లైకోజెన్ మీద పడుతుంది. అది అడుగంటితే ఒక్కసారిగా కాళ్ళు పడిపోతాయి, తల తిరుగుతుంది, ఏడుపొస్తుంది. సైకిలిస్టులు దీన్నే బాంక్ అవడం అంటారు. తేలికగా తొక్కమని ఇంతసేపు పోరడానికి మైటోకాండ్రియా ఒక కారణమైతే ఇది రెండోది.

విరుగుడు ఒకటే: గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం, ఆకలి వేయకముందే. మధ్యస్థమైన అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి, ఓ మోస్తరు ఇడ్లీలో 10 దాకా. అంటే గంటకు ఒక అరటిపండు, ఒక ఇడ్లీ దాదాపు లెక్కకు సరిపోతాయి. ఖర్జూరాలు, బెల్లం పల్లీపట్టి, పెరుగన్నం అన్నీ పనికొచ్చేవే. విదేశీ జెల్ ప్యాకెట్లు లేకపోతే బ్రెవె చేయలేమనుకోవడం భ్రమ. పూరీలూ మిరపకాయ బజ్జీలూ మాత్రం తిరుగు ప్రయాణం ముగిసేదాకా వాయిదా వేయాలి. నూనె కడుపులో తిష్ట వేస్తుంది, రక్తమంతా కాళ్ళకు పోతున్న వేళ అరుగుదల మందగిస్తుంది. తొక్కుతూ తినడం కూడా సాధనతో వచ్చేదే. ఆదివారాల్లో తిని చూడని వస్తువును బ్రెవె రోజున నోట్లో పెట్టకూడదు.

నీళ్ళకూ ఇదే తూకం. మన ఎండలో గంటకు లీటరు చెమట పోవడం మామూలే, లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం ఉంటుంది. పోయిన నీటిని నీటితో మాత్రమే నింపితే రక్తం పలచబడి, సోడియం పడిపోయి, తలనొప్పి, వాంతులు, మరీ ముదిరితే ప్రాణాపాయం. ఉప్పూ చక్కెరా కలిసుంటే పేగుల గోడ రెండింటినీ జంటగా లోపలికి తీసుకుంటుందని, వాటి వెంట నీరు వస్తుందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఆ సూత్రాన్నే డ్రమ్ముల్లో కలిపి కలరా రోగులను కాపాడాడు. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం అదే. ఉప్పు దండిగా వేసిన పలచటి మజ్జిగ కూడా నీళ్ళ సీసా కన్నా చాలా మెరుగు. ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, ఏసీ గదిలో వ్యాయామ సైకిలు తొక్కి మార్చిలో బ్రెవెకు వెళ్ళడం సాహసమే.

300 దాటితే కొత్త శత్రువు నిద్ర. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టం డ్రైవర్లకు అనుమతించేది 0.03. 1891లో మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో షార్ల్ తెరాఁ తన ప్రత్యర్థి నిద్రపోతుండగా దాటిపోయి, సుమారు 1,200 కిలోమీటర్లను 71 గంటల 22 నిమిషాల్లో ముగించి గెలిచాడు. అతను వృత్తి క్రీడాకారుడు, అప్పుడు రోడ్ల మీద లారీలు లేవు. 600 తొక్కే మిత్రులు రెండు మూడు గంటలైనా పడుకోవాలి. రాత్రి పూట పక్కవాడి మాట ముద్ద ముద్దగా వస్తే ఆ క్షణమే ఆపాలి. మెడ కూడా చివరిదాకా నిలబడాలి. 1983లో అమెరికా దాటుతూ తల ఎత్తలేని స్థితికి వచ్చిన సైకిలిస్టు మైకేల్ షెర్మర్ పేరు ఆ సమస్యకే పెట్టేశారు.

చివరి పది రోజులు తగ్గించి తొక్కాలి. దీనికి మనసు ఒప్పదు, చేసిందంతా కరిగిపోతుందేమోనని భయం. 1984లో ఎడ్వర్డ్ కాయిల్ బృందం బాగా తర్ఫీదైన క్రీడాకారుల చేత శిక్షణ పూర్తిగా మాన్పించి చూసింది. మొదటి రెండు మూడు వారాల్లో వీఓ2 మ్యాక్స్ పడిపోయింది 7 శాతమే. మానేస్తేనే అంత, తగ్గిస్తే పోయేది నామమాత్రం. ఈలోగా అలసట దిగుతుంది, గ్లైకోజెన్ నిండుతుంది.

మీ జట్టులోనూ ఒక మేనేజరు గారు ఉంటారు, లేదా అది మీరే అయి ఉండవచ్చు. నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవారు మొదటి ఆదివారానికి ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాలుగు నెలల్లో 200 కిలోమీటర్లు తొక్కబోతున్నామని ఉన్నదున్నట్టు చెప్పండి. మాత్రల మోతాదు మార్చాల్సి రావచ్చు, గుండె పరీక్ష అవసరం పడవచ్చు. తొక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, అకారణంగా చల్లటి చెమట వస్తే గుంపు ఏమనుకుంటుందో అని చూడకండి. అక్కడే దిగండి, 108కి ఫోన్ చేయండి.